పాత ల్యాప్‌టాప్‌కి ఎస్‌ఎస్‌డీ: ఎం.2 స్లాటులో వెయ్యాలా, హార్డ్‌డిస్కు తీసి దాని చోట వెయ్యాలా?

కావలి నుంచి (ప్రశ్న)

అందరికీ నమస్కారం. కావలిలో రొయ్యల మేత దుకాణం లెక్కలకు వాడే ల్యాప్‌టాప్ గురించి అడుగుతున్నా. 2019 మోడల్, ఇంటెల్ ఐ5 8వ తరం, 8 జీబీ ర్యామ్, 1 టీబీ హార్డ్‌డిస్కు (5400 ఆర్‌పీఎం), విండోస్ 10. ఆన్ చేస్తే డెస్క్‌టాప్ రావడానికి నాలుగు నిమిషాలు, ట్యాలీ తెరుచుకోడానికి ఇంకో రెండు. టాస్క్ మేనేజర్‌లో ర్యామ్ సగమే వాడకంలో ఉంటది గానీ డిస్కు మాత్రం ఎప్పుడు చూసినా 100 శాతం. చిత్రం ఏమంటే ఆ 100 శాతం దగ్గర కూడా వేగం సెకనుకి 1 ఎంబీ దాటదు.

డిస్కులో 310 జీబీ నిండింది: ట్యాలీ డేటా, బిల్లుల పీడీఎఫ్‌లు, చెరువుల ఫొటోలు. హార్డ్‌డిస్కు బదులు, చిప్పుల్లో డేటా దాచే ఎస్‌ఎస్‌డీ వేస్తే సరిపోతుందా, ర్యామ్ కూడా పెంచాలా? కంప్యూటరుకి కలిసే పద్ధతి పాతదైన సాటాదా, కొత్తదైన ఎన్‌వీఎంఈదా? ఉన్నదున్నట్టు క్లోన్ చేసుకుని పాత డిస్కుని బ్యాకప్‌కి వాడుకుందామని ఆలోచన. సీజన్ మధ్యలో లెక్కలు ఆగకూడదు, అదే భయం.

ఒంగోలు బెంచి

ర్యామ్ జోలికి ఇప్పుడు పోవద్దండీ. సగం ఖాళీగా ఉంటే ఇంకో 8 జీబీ వేసినా తేడా కనపడదు. జబ్బు డిస్కులోనే ఉంది, మీరు రాసిన ఆ 1 ఎంబీ అంకే దానికి సాక్ష్యం.

5400 ఆర్‌పీఎం అంటే నిమిషానికి 5400 చుట్లు, అంటే లోపలి పళ్లెం ఒక చుట్టు తిరగడానికి 11 మిల్లీసెకన్లు. కావలసిన ముక్క హెడ్ (చదివే ముల్లు) కిందికి రావడానికి సగటున అందులో సగం, హెడ్ ఆ వరసకి జరగడానికి ఇంకో పది పన్నెండు. అంతా కలిపితే సెకనుకి 60 చోట్ల కంటే ఎక్కువ చదవలేదు. విండోస్ మొదలయ్యేటప్పుడు అడిగేవి వేలకొద్దీ చిన్న ముక్కలు, ఒక్కోటి 4 కేబీ. అరవై నాలుగులు 240 కేబీ. డిస్కు ఊపిరాడకుండా పనిచేస్తూనే ఉంటది, చేతికొచ్చేది మాత్రం అంతే. ఎస్‌ఎస్‌డీలో తిరిగేదీ లేదు, జరిగేదీ లేదు. చవకరకం సాటా ఎస్‌ఎస్‌డీ కూడా ఇవే చిన్న ముక్కల్ని సెకనుకి వేలల్లో తెచ్చిస్తుంది.

అందుకే సాటా 550 ఎంబీ, ఎన్‌వీఎంఈ 3,500 ఎంబీ అనే పోలిక మీ పనికి పెద్దగా అక్కర్లేదు. అవి పెద్ద ఫైలుని ఏకబిగిన కాపీ చేసేటప్పటి అంకెలు. ట్యాలీ తెరిచేటప్పుడు ఆ రెండింటి మధ్య తేడా మనిషికి తెలియదు. మీ ల్యాప్‌టాప్‌లో ఏది పడుతుందో అది కొనండి.

ఏది పడుతుందో తెలియాలంటే కింది మూత తియ్యకముందే, ల్యాప్‌టాప్ అడుగున ఉన్న ప్రోడక్ట్ నంబరుతో కంపెనీ సైటులో సర్వీస్ మాన్యువల్ దించుకుని స్టోరేజ్ పేజీ చూడండి. ఎం.2 స్లాటు (పల్చటి కార్డులాంటి ఎస్‌ఎస్‌డీని నేరుగా బోర్డులో దూర్చే చోటు) ఉన్నంత మాత్రాన సరిపోదు. కొన్ని సాటా మాత్రమే తీసుకుంటాయి, కొన్ని ఎన్‌వీఎంఈ మాత్రమే, కొన్ని రెండూ. రెండు గాట్లుండే ఎం.2 సాటా ఎస్‌ఎస్‌డీ, ఎన్‌వీఎంఈ మాత్రమే తీసుకునే స్లాటులో కూడా చక్కగా దిగిపోతుంది గానీ విండోస్ కంటే ముందు వచ్చే సెట్టింగుల తెర అయిన బయాస్‌లో కనపడదు. మా దుకాణంలో గొడవలన్నీ ఇక్కడే. ఇంకోటి, కొన్ని మోడళ్లలో బోర్డు మీద స్లాటు గుర్తు అచ్చయి ఉంటుంది, కనెక్టరు మాత్రం అతికించి ఉండదు. వైఫై కార్డు కూర్చునేదీ ఎం.2 లాగే ఉంటుంది, దాన్ని చూసి స్లాటు ఉందనుకోవద్దు.

క్లోన్ సంగతి తర్వాత. ముందు క్రిస్టల్ డిస్క్ ఇన్ఫో (డిస్కు ఆరోగ్యం చూపించే సాఫ్ట్‌వేరు) వేసి 05, సీ5, సీ6 వరసల్లో (డిస్కులో చెడిన చోట్ల లెక్కలు) ముడి విలువ ఎంతుందో ఇక్కడ రాయండి.

వేదాయపాళెం

మూత తీసే పని గురించి నాలుగు ముక్కలు చెప్తా, ఎక్కువ ల్యాప్‌టాపులు పాడయ్యేది ఇక్కడే.

పీహెచ్0 స్టార్ స్క్రూడ్రైవరు, పల్చటి ప్లాస్టిక్ బద్ద, స్క్రూలు పెట్టుకోడానికి గిన్నె. ఇంతే సామాను. లోహపు చాకు పెట్టొద్దు, అంచులు లేచిపోతాయి. కనపడే స్క్రూలన్నీ తీసినా మూత రాకపోతే బలం పెట్టబాకండి, అడుగున రబ్బరు పట్టీల కింద ఇంకో రెండు మూడు దాక్కుని ఉంటాయి. డీవీడీ డ్రైవు ఉంటే ముందు అది బయటికి లాగాలి, దాని కింద కూడా స్క్రూ ఉంటది. స్క్రూల పొడవులు ఒకటిగా ఉండవు. కాగితం మీద ల్యాప్‌టాప్ బొమ్మ గీసి, యాడ తీసింది ఆడనే గుచ్చి పెట్టుకోండి.

మూత వచ్చినాక మొదటి పని బ్యాటరీ కనెక్టరు ఊడదీయడం. వైర్లు పట్టి లాగకుండా కనెక్టరు చెవులు పట్టుకుని బద్దతో జరపండి. తర్వాత పవర్ బటన్ 15 సెకన్లు నొక్కి పట్టుకుంటే మిగిలిన ఛార్జి పోతుంది. ఇది చెయ్యకుండా ఎస్‌ఎస్‌డీ దించితే బోర్డు షార్టయ్యే ప్రమాదముంది.

హార్డ్‌డిస్కు నుంచి బోర్డుకి పోయే పట్టీ కేబుల్ దగ్గర నల్లటి గొళ్లెం ఉంటుంది. అది కొన్నింటిలో పైకి లేస్తుంది, కొన్నింటిలో ముందుకి జరుగుతుంది. తెలియకుండా పైకెత్తారా, విరిగిపోతుంది. విరిగితే కనెక్టరు టంకం వేసి మార్చాల్సిందే. అందుకే ఎం.2 స్లాటు ఉంటే నా ఓటు దానికే, ఆ కేబుల్‌ని అవసరమైతే తప్ప ముట్టుకోకుండా ఉండొచ్చు.

ఎం.2ని 30 డిగ్రీల వాలుగా దూర్చి, బంగారు రంగు కాళ్లు పూర్తిగా లోపలికి పోయినాక కిందికి వంచి స్క్రూ వెయ్యాలి. ఖాళీ స్లాటుతో వచ్చిన ల్యాప్‌టాపుల్లో ఆ స్క్రూ ఉండదు, ఎస్‌ఎస్‌డీ పెట్టెలో కూడా తరచుగా రాదు. ఎం2 దారం (2 మి.మీ. లావు స్క్రూ, ఎం.2 స్లాటు పేరుతో కలపొద్దు), 3 మి.మీ. పొడవుది ముందే తెచ్చుకోండి. టేపు వేసి వదిలెయ్యబాకండి.

కావలి నుంచి

చాలా థాంక్సండీ. మాన్యువల్ చూశాను. ఎం.2 2280 (22 మి.మీ. వెడల్పు, 80 మి.మీ. పొడవు) స్లాటు ఉంది, ఎన్‌వీఎంఈ, సాటా రెండూ రాసి ఉన్నాయి. క్రిస్టల్ డిస్క్ ఇన్ఫోలో పసుపు రంగు వచ్చింది. 05 దగ్గర 0, సీ5 దగ్గర 10, సీ6 దగ్గర 0. పది అంటే తక్కువేగా, క్లోన్ చేసెయ్యొచ్చా?

ఒంగోలు బెంచి

క్లోన్ వద్దు. ఈరోజే డేటా బయటికి తియ్యండి, ఎస్‌ఎస్‌డీ కొనడం రేపైనా ఫర్వాలేదు.

ఆ 10 మన పది కాదు. ఆ సాఫ్ట్‌వేరు ముడి విలువల్ని హెక్సాలో (పదికి బదులు పదహారుతో లెక్కించే పద్ధతి) చూపిస్తుంది, కాబట్టి అది 16. డిస్కు చదవలేక తర్వాత చూద్దామని పక్కన పెట్టిన సెక్టార్లు (డిస్కు మీది చిన్న గదులు) పదహారన్నమాట. క్లోన్ సాఫ్ట్‌వేరు వాటి దగ్గరికి రాగానే ఎర్రరిచ్చి ఆగుతుంది, లేదా గంటల తరబడి అక్కడే గింజుకుంటుంది. దాటుకుని పోయినా, ఆ పదహారు విండోస్ ఫైళ్లలో పడ్డాయో మీ ట్యాలీ ఫైళ్లలో పడ్డాయో మీకు తెలియదు. పాడు కొత్త డిస్కులోకి కూడా వస్తుంది.

చెక్‌డిస్క్‌తో మొత్తం ఉపరితలం స్కాన్ చెయ్యమని, డీఫ్రాగ్ (చెదిరిన ఫైలు ముక్కల్ని ఒకచోట చేర్చడం) చెయ్యమని ఎవరన్నా చెప్తే వినకండి. బలహీనపడిన డిస్కుని ఈ చివర నుంచి ఆ చివరికి తిప్పడం దానికి చివరి దెబ్బ కావచ్చు. డేటా చేతికొచ్చేదాకా ఆ డిస్కుకి ఎంత తక్కువ పని చెప్తే అంత మంచిది.

కొత్త ఎక్స్‌టర్నల్ డ్రైవు ఒకటి పెట్టుకోండి. మొదట ట్యాలీ. అందులోనే ఆల్ట్, వై నొక్కి డేటా మెనూలో బ్యాకప్ తియ్యండి. తర్వాత ట్యాలీ మూసేసి డేటా ఫోల్డర్‌ని విడిగా ఇంకోసారి కాపీ చెయ్యండి. ఆ తర్వాత పీడీఎఫ్‌లు. ఫొటోలు ఆఖర్న. రోబోకాపీ (విండోస్‌లో కమాండుతో నడిచే కాపీ సాధనం) వాడేట్టయితే మళ్లీ ప్రయత్నించే సంఖ్య 1, మధ్యలో ఆగే సమయం 1 సెకను అని తప్పకుండా పెట్టండి. ఏమీ పెట్టకపోతే ఒక్క చెడ్డ ఫైలు దగ్గర 30 సెకన్లకోసారి చొప్పున పది లక్షల సార్లు ప్రయత్నిస్తుంది, మీరు పొద్దున లేచి చూస్తే అక్కడే ఉంటుంది. ఛార్జరు ఇన్వర్టరు లైనులో పెట్టి, స్లీప్ ఆపేసి కాపీ మొదలుపెట్టండి.

కాపీ అయిన ట్యాలీ బ్యాకప్‌ని ఇంకో కంప్యూటర్లో రిస్టోర్ చేసి, మొన్నటి బిల్లు ఒకటి తెరుచుకుంటే అప్పుడు బ్యాకప్ ఉన్నట్టు లెక్క.

పాత డిస్కుని బ్యాకప్‌కి వాడాలన్న ఆలోచన కూడా మానుకోండి. పూర్తిగా చెరిపి రాస్తే సీ5 మళ్లీ సున్నా కావచ్చు, అలా అయ్యేవి ఉన్నాయి. అయినా లెక్కలు దాచే చోటు కాదది.

సోమశిల

పైన చెప్పింది అక్షరాలా నిజం. డేటా తీసినాక కొత్తగా విండోస్ వేసుకోడం గురించి రాస్తా.

పాత డిస్కు ఇంకా బూట్ అవుతున్నప్పుడే ట్యాలీలో ఎఫ్1 నొక్కి, సెట్టింగ్స్‌లో లైసెన్స్ దగ్గరికెళ్లి సరెండర్ (లైసెన్సుని ఈ డిస్కు నుంచి విడిపించడం) చెయ్యండి, ఇంటర్నెట్ ఉండాలి. ఇది మర్చిపోతే కొత్త డిస్కులో యాక్టివేషన్ దగ్గర ఆగిపోతారు. విండోస్ లైసెన్సుకి ఈ బెంగ లేదు, అది మదర్‌బోర్డుని పట్టి ఉంటుంది.

విండోస్ 10కి ఉచిత మద్దతు 2025 అక్టోబర్ 14తో అయిపోయింది. మీది 8వ తరం కాబట్టి విండోస్ 11 అధికారికంగానే పడుతుంది. బయాస్‌లో టీపీఎం (భద్రతా తాళాలు దాచే భాగం, కొన్నింట్లో పీటీటీ అని ఉంటుంది), సెక్యూర్ బూట్ ఆన్‌లో ఉన్నాయా చూసుకోండి. 8 జీబీ పెన్‌డ్రైవ్ చాలు.

ముఖ్యమైంది ఇది: విండోస్ వేసేటప్పుడు పాత హార్డ్‌డిస్కు కనెక్టయి ఉండకూడదు. రెండూ ఉంటే విండోస్ ఎస్‌ఎస్‌డీలో పడినా బూట్ ఫైళ్లుండే చిన్న ఈఎఫ్ఐ భాగం పాత డిస్కులోదే వాడుకోవచ్చు. అంతా బాగుందనుకుంటారు. ఆర్నెల్లకి ఆ డిస్కు పోయిన రోజున కొత్త ఎస్‌ఎస్‌డీ కూడా బూట్ కాదు. మీ డిస్కు ఎటూ తియ్యాల్సిందే కాబట్టి, వేదాయపాళెం గారు చెప్పిన గొళ్లెం జాగ్రత్తగా చూసి కేబుల్ ఊడదీసి ఆ చోటు ఖాళీగా వదిలెయ్యండి.

ఇది చదివే ఇంకెవరికన్నా 11వ తరం, ఆపై ఇంటెల్ ఉంటే: సెటప్‌లో డ్రైవు అసలే కనపడకపోతే ఎస్‌ఎస్‌డీ చెడిందని వాపసు పంపకండి. ఇంటెల్ వీఎండీ డ్రైవర్ పెన్‌డ్రైవ్‌లో పెట్టుకుని లోడ్ చేస్తే కనపడుతుంది.

మైక్రోసాఫ్ట్ అకౌంటుతో విండోస్ 11 కొత్తగా వేస్తే డివైస్ ఎన్‌క్రిప్షన్ (డ్రైవులోని డేటాకి వేసే తాళం) దానంతటదే ఆన్ అవుతుంటుంది. రికవరీ కీ 48 అంకెలు కాగితం మీద రాసి దుకాణం ఫైల్లో పెట్టండి. రేపు బోర్డు పోయి ఎస్‌ఎస్‌డీని ఇంకో చోట తెరవాలంటే అది లేకుండా కుదరదు.

వేదాయపాళెం

ఏది కొనాలో ఎవరూ చెప్పలా. మీ స్లాటుకి ఎన్‌వీఎంఈ తీసుకోండి, పీసీఐఈ (బోర్డుతో డేటా అందుకునే దారి) 3.0ది చాలు. 4.0ది వేసినా పనిచేస్తుంది గానీ 8వ తరంలో 3.0 వేగానికే పరిగెత్తుతుంది. టీఎల్‌సీ (ఒక్కో గదిలో మూడు బిట్లు దాచే రకం) అని స్పష్టంగా రాసి ఉన్నదే చూడండి. క్యూఎల్‌సీ (నాలుగు బిట్లు దాచే రకం) చవక, కానీ క్యాష్ (వేగంగా రాసుకునే తాత్కాలిక చోటు) నిండినాక పెద్ద ఫొటోల ఫోల్డర్ కాపీ చేస్తుంటే హార్డ్‌డిస్కు వేగానికి పడిపోగలదు. 500 జీబీ కొంటే విండోస్ లెక్కలో 465 కనపడుతుంది. మీ 310 అందులో పడుతుంది. ఫొటోలు ఏడాదికేడాది పెరిగేవైతే 1 టీబీ తీసుకోండి, నిండుగా ఉన్న ఎస్‌ఎస్‌డీ రాసే వేగం తగ్గుతుంది.

మనది సముద్రపు గాలి. ల్యాప్‌టాప్ తెరిచినప్పుడు స్లాటు దగ్గర పచ్చగానో తెల్లగానో పొక్కు కనపడితే ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌తో మెత్తటి బ్రష్షు పెట్టి తుడిచి, ఆరినాకే ఎస్‌ఎస్‌డీ దించండి. ఎస్‌ఎస్‌డీ మీదున్న స్టిక్కరు పీకబాకండి, వారంటీ పోతుంది. రోహిణి కార్తెలో ఏసీ లేని గదిలో ఎన్‌వీఎంఈ వేడెక్కితే తనంతట తానే వేగం తగ్గించుకుంటుంది, చెడిపోదు. మూత తీశారు కాబట్టి ఫ్యాను రెక్కలకి పట్టిన దుమ్ము కూడా అప్పుడే దులిపెయ్యండి.

కావలి నుంచి

ట్యాలీ బ్యాకప్ తీసి తమ్ముడి కంప్యూటర్లో తెరిచి చూశాను, పోయిన వారం బిల్లులతో సహా ఉంది. పీడీఎఫ్‌లు కాపీ అవుతున్నాయి. ఒక్క సందేహం. ఎస్‌ఎస్‌డీ పోతే డేటా బయటికి తీసేవాళ్లు ఉంటారా?

ఒంగోలు బెంచి

ఉంటారు గానీ ఆశ పెట్టుకోవద్దు. హార్డ్‌డిస్కు మీకు పసుపు రంగు చూపించింది, నెమ్మదించింది, టైమిచ్చింది. ఎస్‌ఎస్‌డీలో కంట్రోలర్ (లోపల పనంతా నడిపించే చిప్పు) పోతే నిన్నటిదాకా బాగున్నది ఇవాళ బయాస్‌లోనే కనపడదు. పొరపాటున చెరిపేసిన ఫైలు కూడా సాధారణంగా తిరిగిరాదు, ఆ ఫైలు ఇక అక్కర్లేదని విండోస్ ట్రిమ్ అనే ఆజ్ఞతో చెప్తే, ఎస్‌ఎస్‌డీ ఆ గదుల్ని తర్వాత నిజంగానే ఖాళీ చేసేస్తుంది.

కాబట్టి ఇప్పుడు కొన్న ఎక్స్‌టర్నల్ డ్రైవుని దుకాణంలోనే ఉంచేయండి. రాత్రి కొట్టు కట్టేముందు ట్యాలీ బ్యాకప్ ఒకటి అందులోకి, వారానికోసారి దాని నకలు ఇంకో పెన్‌డ్రైవ్‌లో ఇంటికి. డ్రైవుని పగలంతా ల్యాప్‌టాప్‌కి తగిలించి ఉంచకండి. కరెంటు దెబ్బ కొట్టినా వైరస్ పడినా రెండూ కలిసి పోతాయి.