షాపెన్, షామే: ఒక కంపెనీ పేరు మీద ముచ్చట

ప్రశ్న: మా అబ్బాయి ఒసాకాలో చదువుకుంటున్నాడు. అక్కడ పెన్ పెన్సిల్‌ను ‘షాపెన్’ అంటారట. టీవీలు, ఫోన్లు చేసే షార్ప్ కంపెనీకీ ఈ మాటకీ చుట్టరికం ఉందంటున్నాడు. మన జిరాక్స్‌లాగా కంపెనీ పేరే వస్తువుకు అంటుకుందా?

జవాబు: చుట్టరికం ఉందండీ, కాకపోతే తిరగేసి ఉంది. జిరాక్స్, డాల్డా లాంటివి కంపెనీ వాళ్లు పెట్టుకున్న పేర్లు. అవి దిగి వచ్చి వస్తువుల పేర్లయ్యాయి. ఇక్కడ వస్తువు పేరే వెళ్లి కంపెనీ నెత్తికెక్కింది.

తొకుజి హయకవా 1912లో టోక్యోలో చిన్న లోహపు పనుల కొట్టు పెట్టాడు. బెల్టుకు బెజ్జాలు పొడవకుండానే బిగించుకునే బకిల్ ఆయన మొదటి సరుకు. 1915లో లోహపు పెన్సిల్ చేశాడు, చెక్కే పని లేదు, తిప్పితే మొన ముందుకొస్తుంది. ‘ఎవర్ రెడీ షార్ప్ పెన్సిల్’ అని దాని పేరు. జపనీయుల నోట షార్ప్ ‘షాపు’ అవుతుంది, అచ్చం మన కిరాణా షాపులాగే. ‘షాపు పెన్షిరు’ అరిగి ‘షాపెన్’ అయింది.

1923 సెప్టెంబరు 1న టోక్యో ప్రాంతంలో వచ్చిన కాంతో భూకంపంలో ఆయన భార్యా ఇద్దరు పిల్లలూ పోయారు, కార్ఖానా కాలిపోయింది. అప్పు తీర్చలేక పెన్సిల్ వ్యాపారం వేరేవాళ్లకు రాసిచ్చేసి ఒసాకా చేరాడు. 1925లో క్రిస్టల్ రేడియో చేసి దానికి మళ్లీ ‘షార్ప్’ అనే పేరు పెట్టాడు. పెన్సిల్ పరాయిదైపోయింది, మాటను మాత్రం మూటగట్టుకుని వెళ్లాడన్నమాట. అయినా కంపెనీ పేరు చాలాకాలం హయకవా పేరు మీదే నడిచింది. టీవీలు వచ్చాయి. 1964లో 25 కిలోల బరువున్న ట్రాన్సిస్టర్ కాలిక్యులేటర్ వచ్చింది, ఖరీదు 5,35,000 యెన్‌లు! 1970లో గానీ సంస్థ ‘షార్ప్’ కాలేదు.

వ్యాఖ్య: పెన్సిల్‌కు మొన ఉంది, సరే. రేడియోకు మొన ఎక్కడిది మాస్టారూ?

జవాబు: మన ‘వాడి’కి ఎక్కడిది? బాణానికి వాడి, చూపుకు వాడి, మాటకూ వాడే. ‘పదును’ ఇంకా గడుసుది, కత్తికీ ఉంటుంది, వాన పడ్డ చేనుకూ ఉంటుంది.

ఛందస్సు ఇష్టమున్నవాళ్లకు ఇంకో ముక్క. 1970 ఒసాకా ప్రపంచ ప్రదర్శన సెన్రి కొండల్లో జరిగింది. అందులో మంటపం కట్టడం మానుకుని షార్ప్ ఆ డబ్బును నారా దగ్గరి తెన్రిలో సెమీకండక్టర్ కేంద్రానికి మళ్లించింది. దాన్నే ‘సెన్రి నుంచి తెన్రికి’ అని చెప్పుకుంటారు. రెండో అక్షరం చూడండి, న్రి-న్రి. చక్కటి ప్రాస! 1973లో ద్రవ స్ఫటికపు (ఎల్‌సీడీ) తెరతో జేబు కాలిక్యులేటర్ తెచ్చిందీ ఈ కంపెనీయే. తర్వాత టీవీలకూ ఫోన్లకూ ఆ తెరలే దన్ను.

వ్యాఖ్య: ఫోన్ల సంగతి చెప్పనేలేదు. మనం ‘చరవాణి’ అని ఎంత మొత్తుకున్నా జనం సెల్లు అనే అంటున్నారే!

జవాబు: 2000లో షార్ప్ కంపెనీ, జె-ఫోన్ అనే మొబైల్ సంస్థ కోసం, వెనకవైపు కెమెరా ఉన్న ఫోన్ తయారుచేసింది. 1,10,000 పిక్సెళ్లు, అంతే. తీసిన బొమ్మను అక్కడికక్కడే మెయిల్‌లో పంపొచ్చు. ఆ సేవకు ‘షా-మేరు’ అని పేరు పెట్టారు, ‘షాషిన్’ అంటే ఫోటో, ‘మేరు’ అంటే మెయిల్. కుర్రకారు దాన్ని ‘షామే’ చేసేసి, చివరికి మెయిల్ పంపకపోయినా ఫోన్‌తో తీసిన ప్రతి ఫోటోనూ అలాగే పిలిచారు. మన చరవాణిని అలా కొరుక్కుతినడానికి ఎవరూ సాహసించలేదు, పద్యంలో పెట్టి దండం పెట్టారు. (నేనూ పెట్టాను, ఒప్పుకుంటున్నా.)

2016లో ఈ కంపెనీ తైవాన్ ఫాక్స్‌కాన్ చేతికి వెళ్లింది. పేరు మాత్రం మారలేదు.

ప్రశ్న వేసినవారు: మావాణ్ని అడిగాను మాస్టారూ. ‘షామే’ అంటే ఇప్పటి పిల్లలు నవ్వుతారట, అది నాన్నల కాలపు మాటట. షాపెన్ మాత్రం వాడి సంచిలో మూడున్నాయట.