నాన్నకి ఈ యాంటీఆక్సిడెంట్ క్యాప్సూల్స్ ఇవ్వొచ్చా?

ఒంగోలు_లక్ష్మి:
మా నాన్నకి 61, నలభై ఏళ్లుగా సిగరెట్, ఎంత మొత్తుకున్నా మానడు. మొన్న మా మేనత్త కొడుకు వచ్చి "మామయ్యా, సిగరెట్ ఎటూ మానవు, కనీసం ఇది వేసుకో, ఊపిరితిత్తుల్ని కడిగేస్తది" అని ఒక డబ్బా 2800కి అంటగట్టి పోయాడు (ఏదో చైన్ బిజినెస్‌లో చేరాడులెండి). ఇప్పుడు నాన్న టిఫిన్ అవ్వగానే ఒకటి మింగి దర్జాగా బాల్కనీలోకి పోయి సిగరెట్ ముట్టిస్తున్నాడు, అడిగితే మందు వేసుకున్నాగా అంటాడు. డబ్బా మీద "రీసెర్చ్‌లో రుజువైంది" అని ఉంది, నిజంగా ఏమన్నా ఉందా?

కాఫీరాయుడు:
క్యారెట్‌లో ఉండేదేగా అండి, డబ్బులు పోవడం తప్ప నష్టం ఏముంటది. నేను రెండేళ్లుగా మల్టీవిటమిన్ వాడుతున్నా, బానే ఉన్నా.

నైట్‌డ్యూటీ_ఫార్మసిస్ట్:
రాయుడు గారూ, అందరూ మీలాగే అనుకున్నారు, అక్కడే దెబ్బ తిన్నారు. లక్ష్మి గారు, ముందు డబ్బా వెనక బీటా కెరోటిన్ (క్యారెట్‌కి ఆ రంగునిచ్చేది, ఒంట్లో విటమిన్ ఎగా మారేది) ఉందేమో చూడండి. కూరగాయలు, పళ్లు బాగా తినేవాళ్లకి లంగ్ క్యాన్సర్ తక్కువ అని సర్వేల్లో కనిపిస్తే, సరే మాత్రగా ఇచ్చి చూద్దాం అని ఫిన్లాండ్‌లో 29,133 మంది సిగరెట్ తాగే మగవాళ్ల మీద, అందరూ 50-69 ఏళ్లవాళ్లే, అంటే అచ్చం మీ నాన్నగారి లాంటోళ్లే, ట్రయల్ పెట్టారు. సగం మందికి రోజుకి 20 మిల్లీగ్రాముల బీటా కెరోటిన్. 1994లో రిజల్ట్ వస్తే మాత్ర వేసుకున్నవాళ్లలో 474 లంగ్ క్యాన్సర్లు, వేసుకోనివాళ్లలో 402. రివర్స్! 18 శాతం ఎక్కువ. అమెరికాలో అదే టైంలో 18 వేల మందితో ఇంకోటి నడుస్తోంది, దాంట్లో విటమిన్ ఎ కూడా కలిపారు, అక్కడ 28 శాతం ఎక్కువ వచ్చేసరికి 1996 జనవరిలో, గడువుకి 21 నెలల ముందే ఆపేశారు. పొగ తాగనివాళ్లే ఎక్కువున్న అమెరికా డాక్టర్ల ట్రయల్‌లో 12 ఏళ్లు ఇచ్చినా లాభమూ లేదు నష్టమూ లేదు. కాబట్టి గొడవంతా ఆ పొగ, ఆ మాత్ర కలిసినప్పుడే. క్యారెట్లు, మునగాకు ఎంత తిన్నా ఫర్లేదు, వాటితో ఈ పేచీ లేదు.

సిక్కోలు_బాబు:
మరి మన హైదరాబాద్ ఎన్‌ఐఎన్ (జాతీయ పోషకాహార సంస్థ) వాళ్లు మా వైపు అడ్డపొగ తాగేవాళ్లకి, అదే చుట్ట నిప్పు లోపలికి పెట్టుకుని తాగుతారే, మా నాయనమ్మ కూడా అంతే, వాళ్లకి విటమిన్ ఎ, జింక్, సెలీనియం ఇస్తే నోట్లో మచ్చలు తగ్గాయి కదా? నేను చదివాను.

నైట్‌డ్యూటీ_ఫార్మసిస్ట్:
తగ్గాయి బాబు గారూ, నిజమే. కానీ అది ఆల్రెడీ మచ్చలు వచ్చినవాళ్లకి, డాక్టర్ల కళ్ల ముందు ఇచ్చింది, పైగా మచ్చ తగ్గడం వేరు, ఏళ్ల తర్వాత క్యాన్సర్ రాకపోవడం వేరు. ఇలాంటి ఆశతోనే సెలీనియం, విటమిన్ ఇ కలిపి 35 వేల మంది మగవాళ్లకి అమెరికాలో ఇచ్చి చూశారు, ప్రోస్టేట్ క్యాన్సర్ తగ్గుతుందని. ఉపయోగం లేదని 2008లో ఆపారు, 2011లో లెక్క మళ్లీ చూస్తే విటమిన్ ఇ ఒక్కటే వేసుకున్నవాళ్లకి 17 శాతం పెరిగింది.

పద్మ_టీచర్:
మా అమ్మకి రెటీనా డాక్టరే రాశారండి ఇలాంటివి, అన్నీ ఒకే గాటన కట్టకండి.

నైట్‌డ్యూటీ_ఫార్మసిస్ట్:
కరెక్ట్ టీచర్ గారూ, వయసుతో వచ్చే మాక్యులా (రెటీనా నడిమి భాగం) జబ్బు ఒక స్టేజ్ దాటినవాళ్లకి అది ముదరకుండా పనిచేస్తుంది, 2001లోనే తేలింది. కానీ దాంట్లో కూడా బీటా కెరోటిన్ తీసేసి ల్యూటిన్ (ఆకుకూరల్లో ఉండే అలాంటి పదార్థమే) పెట్టారు తర్వాత, సిగరెట్ మానేసినవాళ్లకి కూడా రిస్క్ అని.

ఒంగోలు_లక్ష్మి:
ఇప్పుడే అద్దాలు పెట్టుకుని చూశా, చీమతల అక్షరాలు. బీటా కెరోటిన్ 15 మి.గ్రా., విటమిన్ ఇ 400 యూనిట్లు, సెలీనియం కూడా. నాన్నకి 474, 402 లెక్క చెప్తే "ఫిన్లాండ్‌లో చలికి వచ్చుంటది" అన్నాడు 😐 డబ్బా మాత్రం దాచేశా. ఆదివారం బావ భోజనానికి వస్తున్నాడు, సగం ఖాళీ అయిన డబ్బా వెనక్కి తీసుకుంటాడంటారా?

కాఫీరాయుడు:
తీసుకోడు. ఇంకో రెండు అంటగడతాడు, జాగ్రత్త.