800 ఆంప్స్ ఫీడరు: రోగోవ్‌స్కీ కాయిల్ ఉంచాలా, సీటీ వేయాలా?

ప్యానెల్_రాజు: 415 వోల్టుల ఫీడరు (లోడుకి కరెంటు తీసుకెళ్లే లైను). మూడు ఫేజులకీ ఫ్లెక్సిబుల్ రోగోవ్‌స్కీ కాయిళ్లు (బస్‌బార్ చుట్టూ తొడిగి కరెంటు కొలిచే తీగచుట్లు), 1000 ఆంప్స్‌కి 100 మిల్లీవోల్ట్స్ ఇచ్చేవి. ఆర్, బి ఫేజులు క్లాంప్ మీటరుతో సరిపోతున్నాయి. మధ్యలో ఉన్న వై ఫేజు మాత్రం క్లాంప్ 412 ఆంప్స్ అంటుంటే కాయిల్ 395 చూపిస్తోంది. కాయిల్ మార్చాలా?

సీటీ_మాస్టారు: తీసేసి 800/5 (800 ఆంప్స్‌ని 5కి దించేది), క్లాస్ 0.5 కచ్చితత్వం ఉన్న సీటీ, అంటే కరెంట్ ట్రాన్స్‌ఫార్మర్, వేయండి.

చుట్టుతీగ: ముందు క్లిప్ ఎటుందో చూడండి. కాయిల్ కొనలు కలిసే చోట చుట్లు ఉండవు. పక్క బస్‌బార్ల ఫీల్డ్ పట్టుబడేది అక్కడే. షట్‌డౌన్ తీసుకుని క్లిప్‌ని ఆర్, బి బార్లకి దూరంగా ముందుకి తిప్పండి, టక్‌మనేదాకా నొక్కండి. బార్ కాయిల్ నడుమకి వచ్చేట్టు టై వేయండి.

సీటీ_మాస్టారు: తిప్పితే మారేదాన్ని కొలత అంటారా?

హార్మోనిక్: ఇంటిగ్రేటర్ (కాయిల్ వోల్టేజీని తిరిగి కరెంటు రూపానికి తెచ్చే సర్క్యూట్) ఉందా? కాయిల్ ఇచ్చేది కరెంటు మారే వేగానికి తగ్గ వోల్టేజీ. ఇంటిగ్రేటర్ లేకపోతే 250 హెర్ట్జ్ హార్మోనిక్ కరెంటు, 50 హెర్ట్జ్‌తో పోలిస్తే, ఐదు రెట్లు కనిపిస్తుంది.

ప్యానెల్_రాజు: మీటర్లోనే ఉందండీ.

చుట్టుతీగ: మాస్టారూ, మీ మీటరింగ్ సీటీ కోర్ పెద్ద మోటారు స్టార్టింగులో సాచురేట్ అవ్వొచ్చు (అయస్కాంతం నిండిపోయి తక్కువ చూపడం). కాయిల్‌కి ఇనుప కోరే లేదు. పైగా సీటీ సెకండరీ లోడు మీద తెరుచుకుంటే ప్రాణం మీదికొస్తుంది, మీటరు విప్పేముందు సెకండరీ కొనలు కలిపే షార్టింగ్ లింక్ తప్పనిసరి.

సీటీ_మాస్టారు: స్టార్టింగ్ కరెంటు ఎవరడిగారండీ? అడిగినదానికి చెప్పకుండా కాయిళ్ల గొప్పలెందుకు?

చుట్టుతీగ: 800/5 అని ఒక్క ముక్క పడేయడం జవాబా? బస్‌బార్ విప్పకుండా రింగ్ సీటీ ఎలా ఎక్కుతుంది? రెండు ముక్కలుగా తెరుచుకునే స్ప్లిట్ కోర్ అయితే ముఖాల మధ్య దుమ్ము పడితే చాలు, ఫేజ్ యాంగిల్ (అసలు కరెంటుకీ సీటీ ఇచ్చే కరెంటుకీ మధ్య కోణం) తప్పుతుంది.

ప్యానెల్_రాజు: గొడవొద్దండీ. అసలు బాధ, నెల యూనిట్లు డిస్కమ్ మీటరుతో కలవడం లేదు.

సీటీ_మాస్టారు: ఆ మాట మొదట చెప్పాల్సింది. యూనిట్లకి ఆంప్స్ ఒక్కటే చాలవు. పవర్ ఫ్యాక్టర్ 0.5 దగ్గర యాంగిల్ ఒక్క డిగ్రీ తప్పితే కిలోవాట్లలో 3 శాతం తేడా. ఇక రాత్రి లోడెంత?

ప్యానెల్_రాజు: 40 ఆంప్స్.

సీటీ_మాస్టారు: కాయిల్ ఇచ్చేది 4 మిల్లీవోల్ట్స్. వీఎఫ్‌డీల (మోటారు వేగం మార్చే డ్రైవుల) పక్కన సిగ్నల్ వైరు వెళ్తే అందులో ఎంత నాయిసో! క్లాస్ 0.5 సీటీకి రేటింగులో 5 శాతం దగ్గర అనుమతించిన తప్పు 1.5 శాతమే.

చుట్టుతీగ: రాత్రి లోడు సంగతి ఒప్పుకుంటా. కానీ వై ఫేజులో 4 శాతం తేడా పగటిదే. క్లాంప్ 2 శాతం అటూ ఇటూ అనుకున్నా లెక్క తేలదు. ముందు క్లిప్ తిప్పండి.

ప్యానెల్_రాజు: ఆదివారం షట్‌డౌన్‌లో తిప్పాం. అదే లోడు మీద క్లాంప్ 412, కాయిల్ 410.

సీటీ_మాస్టారు: మంచిది. ఇప్పుడు రాత్రి 40 ఆంప్స్ రీడింగు కూడా పెట్టండి.