మన సొసైటీ పుస్తకం పక్క ఊరి సొసైటీలో చెల్లదా?

కొబ్బరి వ్యాపారి, అంబాజీపేట:

మాకు కొబ్బరికాయ వ్యాపారం అండి. నాన్నగారి కాలం నుంచీ డబ్బు ఊరి సొసైటీలోనే. పోయిన నెల పాలకొల్లు వైపు ఒక రైతు దగ్గర కాయ బేరం కుదిరింది, చేతిలో సొమ్ము తక్కువ పడింది. ఎదురుగా అక్కడి సొసైటీ బోర్డు కనిపించింది. ఇదీ సహకార సంఘమే కదా అని వెళ్లి పుస్తకం ఇచ్చాను. కౌంటర్లో అబ్బాయి అటూ ఇటూ తిప్పి చూసి, ‘ఇది మాది కాదండి’ అన్నాడు. చించినాడ వంతెన దాటి ఇంటికొచ్చి డబ్బు పట్టుకెళ్లేసరికి సాయంత్రమైంది. ఈలోగా కాయ వేరేవాళ్లకి తోలేశాడు.

ఇది విని టెక్సాస్‌లో ఉన్న మా మేనల్లుడు ఒకటే నవ్వు. వాడి ఖాతా డాలస్‌లో ఏదో క్రెడిట్ యూనియన్‌లో, అంటే అక్కడి సహకార సంఘం లాంటిదాంట్లో ఉందట. ఒహాయో వెళ్లినప్పుడు ఏ సంబంధం లేని ఇంకో యూనియన్ కౌంటర్లో నగదు తీసుకున్నాడట. వాడు కోతలు బాగానే కోస్తాడు, అందుకే అడుగుతున్నా. నిజమేనా? నిజమైతే మనకెందుకు లేదు?

రాజోలు పిల్ల, అమెరికా:

ఈసారి కోత కాదండి. దాన్ని షేర్డ్ బ్రాంచింగ్ అంటారు. కో-ఆప్ అనే నెట్‌వర్క్‌లో 5 వేలకు పైగా బ్రాంచులు, 30 వేలకు పైగా అదనపు చార్జీ లేని ఏటీఎంలు ఉన్నాయి. కార్డు కూడా అక్కర్లేదు. మన యూనియన్ పేరు, ఖాతా నంబరు, ఫొటో ఉన్న గుర్తింపు కార్డు చూపిస్తే డబ్బు వేస్తారు, ఇస్తారు, లోను కంతు కట్టించుకుంటారు. కాకపోతే అన్ని యూనియన్లూ ఇందులో లేవు. నేనూ ఒకసారి అడగకుండా వెళ్లి వెనక్కి వచ్చాను.

రిటైర్డ్ క్యాషియర్, భీమవరం:

కొబ్బరి బాబుగారూ, మీ పుస్తకం మీద ఏముందో ముందు చూడండి. ప్రాథమిక వ్యవసాయ సహకార సంఘమా, జిల్లా కేంద్ర సహకార బ్యాంకా? మొదటిది బ్యాంకు కాదు. అయినా మనవాళ్లు రెండింటినీ ‘సొసైటీ’ అనేస్తారు, తంటా అక్కడే.

అమెరికాలో ఇచ్చిన యూనియన్‌కి ఆ సొమ్ము రాబట్టిపెట్టడానికి మధ్యలో ఒక స్విచ్, అంటే ఇద్దరి లెక్కలూ కలిపే కంప్యూటర్ వ్యవస్థ ఉంది. ఇక్కడ బ్యాంకులకి అలాంటిది ఏటీఎంల వరకు ఉంది: నేషనల్ ఫైనాన్షియల్ స్విచ్, 2004లో మొదలైంది. సహకార బ్యాంకులు కూడా అందులోకి వచ్చాయి కాబట్టి జిల్లా సహకార బ్యాంకు రూపే కార్డు పాలకొల్లులో ఏ ఏటీఎంలోనైనా పనిచేస్తుంది. మెట్రో కాని ఊళ్లలో వేరే బ్యాంకు ఏటీఎం నెలకి 5 సార్లు ఉచితం, ఆపైన 2025 మే నుంచి 23 రూపాయల దాకా, పన్ను అదనం. నిల్వ చూసుకున్నా ఒకసారి కిందే లెక్క.

కౌంటర్ మాత్రం ఎవరిది వారిదే. పాత తూర్పు గోదావరి జిల్లాకి కాకినాడలోని సహకార బ్యాంకు, పాత పశ్చిమ గోదావరికి ఏలూరులోనిది. మధ్యలో వశిష్ఠ గోదావరి. అంచేత మీది బ్యాంకు పుస్తకమే అయినా ఆవేళ పాలకొల్లు కౌంటర్లో అదే జవాబు వచ్చేది.

సంఘాలని కంప్యూటర్లోకి ఎక్కించే కేంద్ర పథకం 2022లో వచ్చింది, అప్పట్లో 63 వేల సంఘాలకి 2,516 కోట్లు. మంచిదే. కానీ అందరి దగ్గరా ఒకే సాఫ్ట్‌వేర్ ఉన్నంత మాత్రాన ఒకరి డబ్బు ఇంకొకరు ఇవ్వరు.

ఇంకోటి, దీనికే నాకు టెన్షన్. సహకార బ్యాంకు డిపాజిట్‌కి 5 లక్షల వరకు బీమా ఉంది. ప్రాథమిక సంఘంలో వేసిన డబ్బుకి ఆ బీమా లేదు.

కొబ్బరి వ్యాపారి, అంబాజీపేట:

చూశానండి. సంఘం పుస్తకమే. ముప్పై ఏళ్లుగా బ్యాంకు అనుకుంటూ తిరుగుతున్నాను! రేపే అమలాపురం వెళ్లి బ్యాంకు ఖాతా తెరిచి కార్డు తీసుకుంటా. నాన్నగారికి బీమా సంగతి చెప్తే, ‘సెక్రటరీ మన వీధిలోనే ఉంటాడురా’ అన్నారు. ఆయన పేరున ఉన్న డిపాజిట్‌కి ఇంకా నాలుగు నెలలు గడువుంది క్యాషియర్ గారూ. ఇప్పుడే తీస్తే వడ్డీ ఎంత కోస్తారో అడిగి, ఆయన్ని మళ్లీ కదుపుతాను.