ఐదేళ్ల పాపకు తెల్లకర్ర అలవాటు చేయడం ఎట్లా?

ప్రశ్న: పాపకు చూపు లేదు. కర్ర చేతికిస్తే విసిరేస్తోంది. ఉండేది తిరుపతిలో. ఏం చేయాలి?

జవాబు 1: ముందు పొడవు చూడక్కా. నిలబెట్టి కొలిస్తే గడ్డానికీ ముక్కుకీ మధ్యకు రావాలి. పెద్దోళ్ల కర్ర కోసిస్తే బరువుకు మణికట్టు నొస్తుంది. సన్న మొన టైల్స్ సందులో ఇరుక్కుని పిడి పొట్టలో పొడుచుకుంటుంది. ఒక్కసారి పొడుచుకుంటే చాలు, మళ్లీ ముట్టుకోరు. తిరిగే గుండ్రటి మొన వేయించు.

జవాబు 2: ఇప్పుడే నడక పాఠం వద్దు. స్టీలు గిన్నె, గోనెపట్ట, గడప కర్రతో తట్టించి ఏదేంటో చెప్పమనండి. చేయి కుదిరాక భుజాలకంటే కాస్త వెడల్పుగా ఊపించండి: ఎడమకాలు ముందుకేస్తే మొన కుడివైపు. గోవిందరాజస్వామి గుడి వీధి రద్దీలోకి అప్పుడే వద్దు. అలిపిరి దగ్గర జనం లేనప్పుడు నాలుగు మెట్లు చాలు. మొన మెట్టుకు ఆనించి ఎత్తు తనే కొలుచుకోవాలి.

జవాబు 3: పిడికి పూసలదారం తననే ఎంచుకోనివ్వండి. గజ్జెలు మాత్రం వద్దు, మొన చప్పుడు మింగేస్తాయి. కర్ర చోటు చెప్పుల పక్కనే, తనకందే మేకుకు. ఇంకోటి, ఎవరైనా "అయ్యో పాపం" అంటే అక్కడే ఆపండి. బిడ్డ వింటుంది.