“ఏటి లెక్క తప్పి ఓడిరి”: ఇక్కడ ‘ఏటి’ అంటే ఏరా, ఏడా?

పాతనోటుపుస్తకం:

సభ్యులకు నమస్కారం. మేము తొమ్మిదో తరగతిలో ఉండగా మా చరిత్ర మాస్టారు అయిదవ క్రూసేడు (జెరూసలేం కోసం ఐరోపా క్రైస్తవులు ఈజిప్టు మీదికి వెళ్లిన మతయుద్ధం) పాఠం ముగిస్తూ నల్లబల్ల మీద ఒక వాక్యం రాశారు: “కత్తికి ఓడలేదు, ఏటి లెక్క తప్పి ఓడిరి.” ఆయన ఇటీవలే కాలం చేశారు. శిష్యులమందరం కలిసి ఆయన జ్ఞాపకార్థం ఒక చిన్న సంచిక వేస్తున్నాము, ఈ వాక్యాన్ని మొదటి పుటలో అచ్చువేయాలని మా కోరిక. చిక్కల్లా ఒక్క అక్షరం దగ్గరే వచ్చింది. మాస్టారు అరసున్నలనూ బండి ఱలనూ వదలకుండా రాసేవారు, కానీ నా చెవిలో మిగిలింది ఆయన గొంతే తప్ప బల్ల మీది రాత కాదు. అది ‘ఏటి’ అయితే నది లెక్క, ‘ఏఁటి’ అయితే సంవత్సరపు లెక్క. ఏది అచ్చువేయాలో పెద్దలు చెప్పగలరు.

శకటరేఫ:

మంచి ప్రశ్న. ఏఱు, ఏఁడు రెండూ ఔపవిభక్తికాలే, అంటే విభక్తి చేరేముందు చివర ‘టి’ వంటి రూపం పొందే మాటలే. ఏఱు ‘ఏటి’ అవుతుంది. నాఁడు ‘నాఁటి’ అయినట్లే ఏఁడు ‘ఏఁటి’ అవుతుంది. తమిళంలో నదిని ‘ఆఱు’ అనీ సంవత్సరాన్ని ‘ఆండు’ అనీ అంటారు కనుక, మన ఏటిలో లేని ముక్కు నాదం మన ఏఁటిలో ఎందుకు మిగిలిందో వేరే చెప్పనక్కరలేదు. అరసున్న అచ్చులోంచి పోయాక ఈ రెండు మాటలూ ఒకదానిలో ఒకటి కలిసిపోయాయి.

నా మటుకు నాకు ఇది నదే. సంవత్సరాల లెక్కే అయి ఉంటే మాస్టారు ‘ఏండ్ల లెక్క’ అని బహువచనంలో రాసి ఉండేవారు, ఎందుకంటే ఆ సేన ఈజిప్టులో గడిపినది ఒక్క ఏడు కాదు, 1218 నుంచి 1221 దాకా మూడేళ్లకు పైమాటే. ఏకవచనానికి అన్వయం కుదిరేది నైలు నదితోనే. అరసున్న పెట్టకండి.

చరిత్రపాఠం:

శకటరేఫ గారి వ్యాకరణంతో నాకు పేచీ లేదు, అన్వయంతోనే ఉంది. ముప్పై ఏళ్లు ఈ పాఠం చెప్పినదాన్ని కనుక కాస్త విపులంగా రాస్తున్నాను, విసుక్కోవద్దు.

నైలు ఎవరినీ మోసగించలేదు. అది ప్రతి వేసవిలోనూ పొంగే నది, ఆ సంగతి తెలియనివాడు ఆ తీరంలో ఒక్కడూ లేడు. క్రూసేడర్లు నైలు సముద్రంలో కలిసే చోటి దమియెట్టా కోటను పట్టుకున్నది 1219 నవంబరు 5న. అది నైలు తీసే కాలం. పైగా ఈజిప్టు సుల్తాను అల్-కామిల్ తండ్రి అల్-ఆదిల్ అంతకు ముందటి ఏడే చనిపోయి ఉన్నాడు, కొత్త సుల్తానుకు సొంత అమీర్ల మీదనే పూర్తి నమ్మకం కుదరలేదు. నడిస్తే అప్పుడే నడవవలసింది. నడవకుండా దమియెట్టాలో 20 నెలలు కూర్చున్నారు, ఆ కూర్చోవడమే వారిని ఓడించింది.

ఎందుకు కూర్చున్నారు? 1215లోనే శిలువ ధరించి ప్రతిజ్ఞ చేసిన జర్మనీ రాజు రెండవ ఫ్రెడరిక్ వస్తాడు, వస్తాడు అని ఎదురుచూశారు. ఆయన 1220లో రోములో చక్రవర్తిగా కిరీటమైతే ధరించాడు గాని తాను రాకుండా సేనల్ని మాత్రమే పంపాడు. ఈలోగా దమియెట్టా ఎవరికి చెందాలన్న తగవులో జెరూసలేం రాజు జాన్ అలిగి వెళ్లిపోయాడు. తూర్పు నుంచి డేవిడ్ అనే క్రైస్తవ రాజు వస్తున్నాడన్న పుకారు ఒకటి శిబిరంలో పాకింది. అలా నమ్మినవారికి ఆ వార్తల వెనుక ఉన్నది చెంఘిజ్ ఖాన్ అని తెలియదు. వీటన్నిటి నడుమ పోపు ప్రతినిధి కార్డినల్ పెలేజియస్ పెత్తనం. దమియెట్టా వదిలి వెళితే జెరూసలేం ఇస్తామని సుల్తాను ఒకటికి రెండుసార్లు రాయబారం పంపాడు. యోర్దాను ఆవలి కెరక్, షౌబక్ కోటలు మాత్రం ఇవ్వనన్నాడు. ఏ నగరం కోసం ఇల్లు విడిచి వచ్చారో ఆ నగరమే చేతికి వస్తుంటే పెలేజియస్ కాదన్నాడు. రాజు జాన్ ఒప్పుకుందామన్నా వినలేదు.

తీరా కదిలింది 1221 జూలై మధ్యలో, నైలు పొంగడం మొదలైన నెలలో. ఆ ఏటి లెక్క తప్పింది. ఏకవచనం ఎందుకని శకటరేఫ గారు అడిగారు. అది 1221 అనే ఆ ఒక్క ఏడు. అరసున్న పెట్టవలసిందే.

లంకవాసి:

అమ్మా, మీరు చెప్పిన తేదీలతో నాకు భేదం లేదు. కానీ ఆ సేన ఎక్కడ ఆగిందో పటంలో ఒకసారి చూడండి. గోదావరి పాయల మధ్య పుట్టి పెరిగినవాడికి ఆ చోటు చూడగానే గుండె జారుతుంది. ఒక పక్క నైలు, మరో పక్క దానిలోంచి చీలి మంజాలా సరస్సుకు పోయే కాలువ, రెంటి నడుమ మొన తేలిన నేల. దాని ఎదుట, కాలువ ఆవలి గట్టున సుల్తాను విడిది మన్సూరా. మా వైపు అలాంటి నేలను లంక అంటారు, ఆషాఢ శ్రావణాల్లో ఎర్రనీరు దిగితే లంకలో పశువుల్ని కూడా ఉంచరు. నైలుకు వరద తెచ్చేది ఇథియోపియా కొండల మీద కురిసే వేసవి వానలు కనుక రెండు నదులూ ఇంచుమించు ఒకే కాలంలో పొంగుతాయి.

అక్కడికి చేరాక జరిగింది యుద్ధం కాదు, నీటి పని. మహల్లా అనే ఊరి వైపు నుంచి వచ్చి నైలులో కలిసే కాలువ ఒకటి వారి వెనుక ఉంది. ఎండాకాలంలో అది పడవకు చాలదు. దాన్ని దాటి వస్తూ అక్కడ కాపలా పెట్టలేదు. వరద నీరు ఎక్కగానే సుల్తాను ఓడలు ఆ కాలువలోంచి నైలులోకి దిగి దమియెట్టా నుంచి వచ్చే తిండిని ఆపేశాయి. సుల్తాను సోదరులు దమాస్కసు నుంచీ ఎగువ మెసొపొటేమియా నుంచీ తెచ్చిన సేనలు గట్టు వెంట దారి మూశాయి. ఆగస్టు 26 రాత్రి క్రూసేడర్లు వెనక్కి మళ్లితే గట్లకు గండ్లు కొట్టి తూములు ఎత్తేశారు, మోకాటి లోతు బురదలో ఇక కత్తి తిప్పే చోటు లేకపోయింది. “ఏటి ఈతకు లంక మేతకు సరి” అన్న మా సామెత దమియెట్టా సంపాదనకు అక్షరాలా సరిపోతుంది. ఇందులో సంవత్సరం ఎక్కడుందండీ? ఇది ఏరే.

శకటరేఫ:

లంకవాసి గారు నా పక్షాన ఉన్నందుకు సంతోషం. ఏఱు అనగానే నాకు బద్దెన గుర్తుకు రాక మానడు. అప్పిచ్చువాడు, వైద్యుడు అని మొదలుపెట్టి “ఎడతెగక పాఱు నేఱు” అన్నాడే, అక్కడ పాఱు, ఏఱు రెండిటా బండి ఱలే. ‘పారు’ అని తేలిక చేసి చదివేవారికి ఆ పద్యంలో నీటి ఉరవడి వినబడదని నా నమ్మకం. బద్దెన కాకతీయుల కాలంవాడని చెబుతారు, అంటే ఈ క్రూసేడుకూ ఆయనకూ దూరం కొద్ది దశాబ్దాలే. ఊరికి కావలసినవాటిలో ఏటిని లెక్కించాడు చూడండి, ఆ మాటను ఈజిప్టు పక్షం నుంచి చదివితే ఎంత నిజం! ఎడతెగక పాఱే ఆ ఏఱే కైరోను కాచింది. ఒక్క అక్షరంలో అంత బరువు పెట్టగలిగిన కవి చేతిలో ‘ఏటి’ పడి ఉంటే మనకు ఈ సందేహమే వచ్చేది కాదు.

చరిత్రపాఠం:

బద్దెన మీద నాకూ అంతే ప్రేమ, కానీ ఆయన సాక్ష్యం ఏఱు రూపానికే గాని మాస్టారి వాక్యానికి కాదు. లంకవాసి గారు ఒక్క విషయం వదిలేశారు. అలిగి వెళ్లిన రాజు జాన్ సేన కదిలే వేళకు తిరిగి వచ్చాడు, దారిలో శరంసాహ్ అనే ఊరి దగ్గర ఆగిపోదామని ప్రాధేయపడ్డాడు, నది పొంగు చూపించి మరీ చెప్పాడు. అంటే లెక్క తెలిసినవాడు శిబిరంలోనే ఉన్నాడు, మాట చెల్లనిది అతనికే. తప్పిన లెక్క నదిది కాదు, కాలానిది, అధికారానిది.

పాతనోటుపుస్తకం:

మీరందరూ రాస్తుంటే నాకు ఇంకొక సంగతి గుర్తుకొచ్చింది. ఆ వాక్యం పక్కన మాస్టారు ఒక నిలువు గీత గీసి, దాని మీద నిచ్చెన మెట్లలా అడ్డగీతలు పెట్టారు. అది ఏమిటో అప్పుడు మేము అడగలేదు.

లంకవాసి:

అది నైలు కొలబద్ద. కైరో ఎదుట రోదా ద్వీపంలో, 861లో కట్టిన బావిలాంటి నిర్మాణం మధ్య నిలువు స్తంభం, దాని మీద మూరల గుర్తులు. పదహారు మూరలకు నీరు ఎక్కితే ఆ ఏడు పంటకు ఢోకా లేదని చాటించి, దాన్ని బట్టి శిస్తు కట్టేవారు. నదికి పద్దు రాసుకున్న రాజ్యంతో, ఆ పద్దు చూడని సేన పోరాడింది. ‘ఏటి లెక్క’ అంటే అచ్చంగా అదే కదా! ఇక సందేహం దేనికి?

చరిత్రపాఠం:

మీరే రాశారు, “ఆ ఏడు పంటకు” అని. ఆ స్తంభం కొలిచింది నీటినే అయినా చెప్పింది సంవత్సరాన్ని. నా అరసున్న ఇంకా గట్టిపడింది.

దూరతీరం:

ఆలస్యంగా చేరుతున్నాను. అందరూ ‘ఏటి’ దగ్గరే ఆగారు, ‘లెక్క’ను ఎవరూ శంకించలేదు. అది ‘ఏటి రెక్క’ కావచ్చునేమో. మహల్లా కాలువను కాపలా లేకుండా వదిలి రావడమే అసలు పొరపాటైతే, ఏటి రెక్కను చూడక తప్పిరి అన్న అర్థం సరిగ్గా అతుకుతుంది. నలభై మంది పిల్లల గదిలో ల, ర తేడా వినబడకపోవడం వింత కాదు.

శకటరేఫ:

ఊహ అందంగా ఉంది, ఒప్పుకోలేను. ఏటికి పాయ అంటాము, రెక్క అనము. అరసున్నలు పెట్టే మాస్టారు ఆ మాట రాయరు.

పాతనోటుపుస్తకం:

అందరికీ కృతజ్ఞతలు. సంచిక వచ్చే వారం అచ్చుకు వెళ్లాలి. అప్పట్లో ముందు బల్లలో కూర్చున్న మా సహాధ్యాయిని ఒకరికి నిన్న ఉత్తరం రాస్తే జవాబు వచ్చింది. ఆమెకు అరసున్న గుర్తులేదు. కానీ మొదటి సగం “కత్తికి ఓడలేదు” కాదట, “కత్తి గెలిచిన ఊరు” అని మొదలవుతుందట. ఊరంటే దమియెట్టా అని, 1221 సెప్టెంబరు 8న దాన్ని తిరిగి అప్పగించి, ఎనిమిదేళ్ల సంధి ఒప్పుకుని, ఆకలితో ఉన్న సేనకు సుల్తాను పెట్టించిన రొట్టె తిని ఓడలెక్కారని మాస్టారు ఆ ఊరి పేరు దగ్గర చాలాసేపు ఆగారని రాసింది. ఆ లెక్కన వాక్యం చివర ‘ఓడిరి’ నిలవదు, ‘ఓడెను’ కావాలేమో. శకటరేఫ గారూ, అప్పుడు ‘ఏటి’ అన్వయం మారుతుందా?