‘ఇటాలిక్’ను ‘వాలు అక్షరం’ అంటే సరిపోతుందా?

ప్రశ్న: ఒక కొత్త శాన్స్ సెరిఫ్ టైపును (ఫాంటును) పరిచయం చేసే వ్యాసాన్ని తెలుగులోకి తెస్తున్నాను. ‘శాన్స్ సెరిఫ్’ దగ్గర ‘కొసగీతలు లేని అక్షరాలు’ అని రాసి గట్టెక్కాను. ‘ఇటాలిక్’కు ‘వాలు అక్షరాలు’ అని పెట్టాను. రెండు పేరాలు దాటగానే ‘ఇది ఆబ్లిక్ కాదు, ఇటాలిక్’ అన్న వాక్యం ఎదురైంది. ‘ఇది వాలు అక్షరం కాదు, వాలు అక్షరం’ అని రాయలేను కదా! పెద్దలు దారి చూపాలి.

జవాబు: వ్యాసకర్త చెప్పిన తేడా ఉన్నదేనండి. నిటారు అక్షరాన్ని పట్టుకుని పక్కకు వంచితే ఆబ్లిక్. వాలుతుందే తప్ప రూపం మారదు. ఇటాలిక్‌లో రూపమే మారుతుంది. మీ కంప్యూటర్లోనే చూసుకోవచ్చు. ఇంగ్లీషు చిన్న ‘ఏ’ను ఏరియల్ ఫాంటులో కొట్టి ఇటాలిక్ మీట నొక్కండి. పైన కొక్కెం, కింద బొజ్జ అలాగే ఉండి పక్కకు ఒరుగుతాయి. అదే కాలిబ్రిలో నొక్కితే కొక్కెం మాయమై, మనం చేత్తో రాసే గుండ్రటి ‘ఏ’ వస్తుంది. ఎరిక్ గిల్ గీసిన గిల్ శాన్స్‌లోనూ అంతే. హెల్వెటికా మాత్రం ఏరియల్ దారిలోనే ఉంటుంది.

అలాగని ఆబ్లిక్‌ను చిన్నచూపు చూడకండి. గుండ్రటి ‘ఓ’ను యంత్రం చేత కుడికి నెట్టిస్తే పై కుడివైపు, కింది ఎడమవైపు గీత లావెక్కుతుంది, మిగతా రెండు మూలల్లో సన్నబడుతుంది. పని తెలిసిన డిజైనర్ ఒక్కో వంపునూ మళ్లీ దిద్దుకుంటాడు. దిద్దనిది చూడగానే తెలిసిపోతుంది, నీళ్లలో పడ్డ నీడలా ఉంటుంది.

మరొకరు: పుట్టుక చూస్తే పేరు సంగతి తేలుతుంది. 1501లో వెనిస్‌లో ఆల్డస్ మనుషియస్ అనే ముద్రాపకుడు లాటిన్ కవి వర్జిల్ కావ్యాలను చేతిలో ఇమిడే పుస్తకంగా, మొత్తం ఇటాలిక్‌లోనే అచ్చువేశాడు. ఆ అచ్చులు చెక్కినవాడు ఫ్రాన్సెస్కో గ్రిఫో. నాటి పండితులు గబగబా రాసుకునే చేతిరాత దానికి నమూనా. తమాషా ఏమిటంటే అందులో పెద్దక్షరాలు నిటారుగానే నిలబడి ఉంటాయి! కాబట్టి వాలడం దాని మూలగుణం కాదు, కలం పరుగే మూలగుణం. ఇటలీలో పుట్టింది గనక బయటివాళ్లు ‘ఇటాలిక్’ అన్నారు. ఇటలీవాళ్లు తమ పేరు పెట్టుకోలేదు, ‘కోర్సీవో’ అంటారు. జర్మన్‌లో ‘కుర్సివ్’. రెండూ ‘పరుగెత్తు’ అనే లాటిన్ ధాతువు నుంచే వచ్చాయి. మనకు ఆ ఊహకు మాట లేకపోలేదు: గొలుసుకట్టు.

ప్రశ్న వేసినవారు: గొలుసుకట్టు వినసొంపుగా ఉంది గానీ, ఆ మాట అనగానే కలం ఎత్తకుండా అక్షరానికి అక్షరం తగిలించిన పాత దస్తావేజుల రాత గుర్తొస్తుందండి. ఇటాలిక్‌లో అక్షరాలు విడివిడిగానే ఉంటాయి కదా?

గొలుసుకట్టు అన్నవారు: నిజమే, ఒప్పుకున్నాను. గొలుసు తెగింది. ‘కలంపోకడ’ అంటే? అక్షరం అచ్చుదే, పోకడ కలానిది.

ఇంకొకరు: ఇన్ని తిప్పలెందుకు, ‘ఇటాలిక్’ అనే ఉంచండి. అచ్చుపని చేసేవాళ్లందరి నోటా ఉన్న మాటే. ‘వాలు’ను ఆబ్లిక్‌కు ఇచ్చేస్తే గొడవ తీరుతుంది. వేరియబుల్ ఫాంట్లలోనూ (ఒకే ఫాంటులో రూపాన్ని కావలసినట్టు మార్చుకునేవి) ఈ రెండింటికీ వేరువేరు అక్షాలు, అంటే మార్చుకునే కొలతలు, పెట్టారు. వాలును డిగ్రీల్లో కొలుస్తారు, ఎంత కావాలంటే అంత. ఇటాలిక్ మామూలుగా సున్నా లేదా ఒకటి, అంటే ఉంది లేదా లేదు. కొలిచేదాన్ని ‘వాలు’ అనడం మన భాషకు సహజం కూడా.

వేరొకరు: చర్చ పక్కకు పోతే మన్నించండి. అసలు తెలుగు అక్షరాలకు ఇది అవసరమా? ఇంగ్లీషులో పుస్తకాల పేర్లకు, పరాయి మాటలకు, జీవుల శాస్త్రీయ నామాలకు, గణితంలో చలరాశులకు ఇటాలిక్ వాడతారు. అది సరే. నొక్కి చెప్పడానికి వాడతారే, అక్కడ మనకు ‘ఏ’ అనే దీర్ఘం ఉంది. ‘నేను చెప్పాను’ అన్నదాంట్లో ‘నేను’ను వంచనక్కర్లేదు, ‘నేనే చెప్పాను’ అంటే చాలు. (ఈ ‘ఏ’ వేరు, పైన కొక్కెం ఊడిన ‘ఏ’ వేరు!)

పైగా చాలా తెలుగు ఫాంట్లకు విడిగా ఇటాలిక్ గీయరు. మీట నొక్కితే సాఫ్ట్‌వేరే వంచేస్తుంది. అప్పుడు పైనున్న గుడి కుడికి జరుగుతుంది, కిందున్న ఒత్తు ఎడమకు జారి పక్క అక్షరం కిందికి దూరుతుంది. తలకట్టులో కుడివైపుకు లేచే గీత ఇంకా పడుకుంటుంది. శాస్త్రీయ నామాన్ని తెలుగు లిపిలో రాసి వంచితే నాకు చదవబుద్ధి కాదు. ఉటంకింపు గుర్తులు పెట్టి వదిలేస్తాను.

ప్రశ్న వేసినవారు: అందరికీ ధన్యవాదాలు. వాక్యం ఇలా కుదిరింది: ‘ఈ టైపుకు ఉన్నది వట్టి వాలు రూపం కాదు, కలంపోకడ తెలిసేలా విడిగా గీసిన ఇటాలిక్.’ దీర్ఘం సలహా బాగుంది. మూలంలో నొక్కి చెప్పడానికి వంచిన మాటలు తొమ్మిది ఉన్నాయి. ఏడింటికి ‘ఏ’ సరిపోయింది. ఒకచోట ‘మాత్రం’ వేశాను. తొమ్మిదోది ఇంకా లొంగలేదు, రేపు ఆ వాక్యం ఇక్కడ పెడతాను.